సీఎంఎస్‌లలో కంటెంట్ స్టేటస్‌లు, సొంత స్టేటస్‌ల చేర్పు

వెబ్‌సైట్లను నడిపే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లలో, వాడుకలో సీఎంఎస్‌లలో, ప్రతి వ్యాసానికీ వార్తకూ పేజీకీ ఒక స్టేటస్ ఉంటుంది. అది చిత్తుప్రతిగా ఉందా, పరిశీలనకు వెళ్లిందా, ప్రచురితమైందా, చెత్తబుట్టలో పడిందా అన్నది ఆ గుర్తు చెబుతుంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే స్టేటస్‌లు చాలనప్పుడు సంస్థలు తమ పని పద్ధతికి తగ్గట్టు కొత్తవి చేర్చుకుంటాయి. వీటినే కస్టమ్ స్టేటస్‌లు అంటారు.

పైకి ఒక పేరులా కనిపించే స్టేటస్‌లో మూడు నిర్ణయాలు ఇమిడి ఉంటాయి: ఆ రచన ఎవరికి కనబడాలి, దాన్ని ఎవరు మార్చవచ్చు, అక్కడి నుంచి అది ఎటు వెళ్లవచ్చు. కొత్త పేరు చేర్చడానికి నాలుగైదు వరుసల కోడ్ చాలు. ఈ మూడు నిర్ణయాలూ సిస్టమ్‌లోని ప్రతి భాగానికీ తెలిసేలా చేయడంలోనే శ్రమ అంతా ఉంటుంది. ఏ సీఎంఎస్ ఈ నిర్ణయాలను ఎక్కడ దాచుకుంటుందన్న దాన్ని బట్టి వాటి మధ్య తేడాలు ఏర్పడ్డాయి.

స్టేటస్ పని తీరు

కంప్యూటర్ శాస్త్రం దృష్టిలో ప్రచురణ క్రమం ఒక పరిమిత స్థితి యంత్రం. ఒక రచన ఏ క్షణంలోనైనా ఒకే స్థితిలో ఉంటుంది. ఒక స్థితి నుంచి మరోదానికి వెళ్లడం ఒక మార్పు. ఐదు స్థితులున్న చోట ప్రతిదాని నుంచి మిగతా నాలుగింటికీ దారి వేస్తే 20 మార్పులు వస్తాయి. ఏ న్యూస్ డెస్కుకూ అన్ని దారులు అక్కర్లేదు. రిపోర్టర్ పంపిన వార్త సబ్ ఎడిటర్ చూడకుండా ప్రచురణకు వెళ్లకూడదు అన్న నియమం పెట్టడమంటే ఆ 20లో కొన్ని దారులు మూసేయడమే. అందుకే స్థితుల జాబితాతో పాటు అనుమతించిన మార్పుల జాబితా కూడా ఉన్న సిస్టమ్‌ను వర్క్‌ఫ్లో సిస్టమ్ అంటారు.

స్టేటస్‌ను నిర్ణయించే పద్ధతులు రెండు. మొదటిది డేటాబేస్‌లో నేరుగా రాసిపెట్టడం. వర్డ్‌ప్రెస్‌ది ఈ దారి. రెండోది ఇతర వివరాల నుంచి ఎప్పటికప్పుడు లెక్కగట్టడం. క్రాఫ్ట్ సీఎంఎస్‌లో లైవ్, పెండింగ్, ఎక్స్‌పైర్డ్, డిజేబుల్డ్ అనే నాలుగు స్టేటస్‌లు కనిపిస్తాయి గానీ, అవి ప్రచురణ తేదీ, గడువు తేదీ, ఆ ఎంట్రీ పనిచేస్తోందా లేదా అన్న గుర్తు – ఈ మూడింటి నుంచి పుట్టేవే. గడువు దాటగానే ఎవరూ ముట్టుకోకుండానే ఎంట్రీ ఎక్స్‌పైర్డ్ అవుతుంది. రాసిపెట్టే పద్ధతిలో ఆ మార్పును ఎవరో ఒకరు, లేదా ఏదో ఒక ప్రోగ్రాం, చేసి తీరాలి.

వర్డ్‌ప్రెస్‌లో స్టేటస్‌ల పరిణామం

మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి బీ2 అనే పాత బ్లాగింగ్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా రూపొందించిన వర్డ్‌ప్రెస్ 2003 మే 27న విడుదలైంది. వెబ్ సాంకేతికతల వాడకాన్ని లెక్కించే డబ్ల్యూ3టెక్స్ సర్వే ప్రకారం ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తున్నాయి. కస్టమ్ స్టేటస్‌ల గురించిన చర్చలో ఎక్కువ భాగం దీని చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

తొలినాళ్లలో ఇందులో ప్రచురితం, చిత్తుప్రతి, ప్రైవేట్ అనే మూడు స్టేటస్‌లే ఉండేవి. 2005లో వచ్చిన 1.5 వెర్షన్ స్థిరమైన పేజీలను ప్రవేశపెట్టినప్పుడు వాటిని వేరే రకంగా కాక 'స్టాటిక్' అనే కొత్త స్టేటస్‌తో గుర్తించారు. తర్వాత అటాచ్‌మెంట్లకూ అలాగే ఒక స్టేటస్ కేటాయించారు. దాంతో ఒక వస్తువు ఏమిటన్నదీ, ఏ దశలో ఉందన్నదీ ఒకే గడిలో కలిసిపోయాయి; చిత్తుప్రతి దశలో ఉన్న పేజీని సూచించే మార్గం లేకుండా పోయింది. షెడ్యూల్ చేసిన రచనలదీ ఇలాంటి ఇబ్బందే. అవి ప్రచురిత స్టేటస్‌లోనే ఉండి, రాబోయే తేదీ వేసుకుని ఎదురుచూసేవి.

2007 జనవరిలో వచ్చిన 2.1 వెర్షన్ ఈ చిక్కులను విడదీసింది. పేజీ, పోస్ట్, అటాచ్‌మెంట్ అన్న తేడా పోస్ట్ టైప్ అనే వేరే గడిలోకి మారింది. షెడ్యూల్ చేసిన వాటికి 'ఫ్యూచర్' స్టేటస్ వచ్చింది. అటాచ్‌మెంట్లకు తాము చేరిన వ్యాసం స్టేటస్‌నే అనుసరించే 'ఇన్‌హెరిట్' దక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో 2.3 వెర్షన్‌తో 'పెండింగ్', 2009 డిసెంబరులో 2.9తో 'ట్రాష్' వచ్చాయి. చెత్తబుట్టలో పడినవి సాధారణంగా 30 రోజుల తర్వాత శాశ్వతంగా తొలగిపోతాయి. 2010 జూన్‌లో వచ్చిన 3.0 వెర్షన్ ఎడిటర్ తెరవగానే పుట్టే 'ఆటో డ్రాఫ్ట్'ను చేర్చింది. ఎవరూ సేవ్ చేయని ఈ ఖాళీ నమోదులను సిస్టమ్ వారం తర్వాత తుడిచేస్తుంది. 2018 మేలో, యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన అమల్లోకి వస్తున్న వేళ, 4.9.6 వెర్షన్ మరో నాలుగు స్టేటస్‌లు తెచ్చింది. ఇవి వ్యాసాలకు కాక, తమ సమాచారం కోసం వినియోగదారులు పెట్టుకునే అభ్యర్థనలకు వర్తిస్తాయి.

కొత్త స్టేటస్ నమోదు

3.0 వెర్షన్‌లోనే 'రిజిస్టర్ పోస్ట్ స్టేటస్' అనే ఫంక్షన్ డెవలపర్ల చేతికి అందింది. సిస్టమ్ మొదలయ్యే దశలో దీన్ని పిలిచి, స్టేటస్ సంకేతనామాన్నీ తెర మీద కనిపించే పేరునూ కొన్ని లక్షణాలనూ ఇవ్వాలి. లక్షణాల్లో నాలుగు కీలకం. పబ్లిక్ అంటే సందర్శకులందరికీ కనబడుతుంది. ప్రొటెక్టెడ్ అంటే మార్చే హక్కున్నవారే లాగిన్ అయి చూడగలరు. చిత్తుప్రతి, పెండింగ్, షెడ్యూల్ అయినవి ఈ కోవలోవి. ప్రైవేట్ అంటే ప్రత్యేకంగా చదివే హక్కు పొందినవారికే. ఇంటర్నల్ అంటే సిస్టమ్ సొంత వాడకానికి. ఈ నాలుగింటిలో ఏదీ చెప్పకపోతే వర్డ్‌ప్రెస్ ఆ స్టేటస్‌ను ఇంటర్నల్‌గానే భావిస్తుంది. కొత్త డెవలపర్లు స్టేటస్ చేర్చాక రచనలు కనిపించడం లేదని తికమకపడే సందర్భాల్లో ఈ మరుపు ఒక కారణం.

మిగతా లక్షణాలు జాబితాలకు సంబంధించినవి: వెతుకులాట ఫలితాల నుంచి తప్పించాలా, అడ్మిన్ తెరలో 'అన్నీ' అన్న జాబితాలో కలపాలా, జాబితా పైన విడిగా లెక్కతో చూపాలా. తేదీ తేలుతూ ఉండాలా అన్నది మరొకటి. దాని ప్రకారం ప్రచురణయ్యే దాకా రచనకు తేదీ ఖాయం కాదు.

రచన ఒక స్టేటస్ నుంచి మరోదానికి మారిన ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ పాత స్టేటస్‌నూ కొత్తదాన్నీ చెబుతూ ఒక సంకేతం పంపుతుంది. సమీక్షకు వచ్చిన వెంటనే ఎడిటర్‌కు మెయిల్ వెళ్లాలన్నా, ప్రచురణ కాగానే కాష్ తుడవాలన్నా ప్లగిన్లు ఈ సంకేతాన్నే పట్టుకుంటాయి. కస్టమ్ స్టేటస్‌లకూ ఇది మారకుండా పనిచేస్తుంది.

ఎడిటర్ తెరలోని లోటు

ఫంక్షన్ వచ్చింది గానీ, నమోదు చేసిన స్టేటస్ ఎడిటర్ తెరలోని ఎంపికల్లో తనంతట తాను కనబడదు. రచయిత చిత్తుప్రతి, పెండింగ్, ప్రచురితం వంటి అంతర్నిర్మిత స్టేటస్‌లనే ఎంచుకోగలడు. ఈ లోటు మీద 2010లోనే వర్డ్‌ప్రెస్ సమస్యల పట్టికలో ఫిర్యాదు నమోదై, ఏళ్ల తరబడి చర్చ నడిచింది. ప్లగిన్లు రాసేవారు పాత ఎడిటర్‌లోకి జావాస్క్రిప్ట్‌తో తమ స్టేటస్ పేర్లను చొప్పించేవారు. 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో బ్లాక్ ఎడిటర్ వచ్చాక ఆ ఉపాయాలు చెల్లక, కొత్త ఎడిటర్‌కు సరిపడేలా మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

వార్తా సంస్థలను దృష్టిలో పెట్టుకుని వచ్చిన ఎడిట్ ఫ్లో ప్లగిన్ ఈ ఖాళీని పూరించిన వాటిలో ముఖ్యమైనది. ఆలోచన, అప్పగింత, రాస్తున్న దశ అనే అర్థాలున్న పిచ్, అసైన్డ్, ఇన్ ప్రోగ్రెస్ స్టేటస్‌లను చిత్తుప్రతి, పెండింగ్‌లకు తోడుగా చేర్చి, అడ్మిన్ తెర నుంచే కొత్తవి సృష్టించుకునే వీలు కల్పించింది. ఏ రోజు ఏ వార్త వస్తుందో చూపే క్యాలెండర్, డెస్కులో మాత్రమే కనబడే వ్యాఖ్యలు, స్టేటస్ మారినప్పుడు వెళ్లే హెచ్చరికలు దీనితో పాటు వచ్చాయి. దీని కోడ్ ఆధారంగానే పబ్లిష్‌ప్రెస్ అనే మరో ప్లగిన్ కుటుంబం పుట్టింది.

అనుమతుల చిక్కు

వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్ అనే పాత్రలున్నాయి. కంట్రిబ్యూటర్ తన రచనను సమీక్షకు పంపగలడు గానీ ప్రచురించలేడు. ప్రచురితమైన తర్వాత దాన్ని మార్చనూ లేడు. ఆ రచన ప్రచురితమా కాదా అని తేల్చేటప్పుడు సిస్టమ్ 'పబ్లిష్', 'ఫ్యూచర్' అనే రెండు పేర్లనే చూస్తుంది. ఒక సంస్థ 'నవీకరించినది' అనే స్టేటస్‌ను పబ్లిక్ లక్షణంతో చేర్చిందనుకుందాం. అది పాఠకులందరికీ కనబడుతుంది. అనుమతులు తేల్చే భాగం మాత్రం దాన్ని ప్రచురితంగా గుర్తించదు. ఫలితంగా కంట్రిబ్యూటర్ అందరూ చదువుతున్న వ్యాసాన్ని ఎడిటర్‌కు తెలియకుండా మార్చగలుగుతాడు.

2020లో 5.5 వెర్షన్‌తో వచ్చిన సైట్‌మ్యాప్ కూడా 'పబ్లిష్' స్టేటస్‌లో ఉన్నవాటినే సెర్చ్ ఇంజిన్లకు అందిస్తుంది. కస్టమ్ పబ్లిక్ స్టేటస్‌లోని వ్యాసం సైట్‌లో ఉన్నా ఆ పట్టికలో ఉండదు. అందువల్ల ప్రచురణకు ముందటి దశలకు కస్టమ్ స్టేటస్‌లు వాడుకుని, ప్రచురణను మాత్రం అంతర్నిర్మిత స్టేటస్‌కే వదిలేయడం సురక్షితమైన పద్ధతి.

ఉకామర్స్ ఆర్డర్లు

స్టేటస్‌లు వ్యాసాలకే పరిమితం కాలేదు. వర్డ్‌ప్రెస్ మీద నడిచే ఉకామర్స్ దుకాణ సాఫ్ట్‌వేర్ తన ఆర్డర్ల దశలను మొదట్లో వర్గాల రూపంలో దాచేది. 2014లో వచ్చిన 2.2 వెర్షన్‌తో వాటిని స్టేటస్‌లుగా మార్చింది. చెల్లింపు పెండింగ్, ప్రాసెసింగ్, ఆన్ హోల్డ్, పూర్తయింది, రద్దు, డబ్బు వాపసు, విఫలం అనేవి ప్రధానమైనవి. దుకాణదారులు 'కొరియర్‌కు ఇచ్చాం' వంటి సొంత దశలు చేర్చుకోవడం మామూలే. స్టేటస్ దాచే గడి 20 అక్షరాలే పట్టడం, ఉకామర్స్ తన గుర్తుగా ముందు మూడు అక్షరాలు వాడేయడం వల్ల సంకేతనామానికి మిగిలేది 17 మాత్రమే. 2023లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి కొత్త దుకాణాల ఆర్డర్లు వ్యాసాల పట్టికను వదిలి, వాటికే ప్రత్యేకించిన పట్టికల్లోకి మారాయి.

ఇతర సీఎంఎస్‌ల విధానాలు

ద్రూపల్‌లో చాలాకాలం స్టేటస్ అంటే ప్రచురితమైందా లేదా అనే రెండు విలువలే. అంతకు మించిన దశల కోసం అదనపు మాడ్యూళ్లు వాడేవారు. 2016లో 8.2 వెర్షన్‌తో కంటెంట్ మోడరేషన్ ప్రయోగాత్మకంగా వచ్చి, 2018లో 8.5తో స్థిరపడింది. ఇందులో ముందుగా డ్రాఫ్ట్, పబ్లిష్డ్, ఆర్కైవ్డ్ అనే మూడు స్థితులుంటాయి. కొత్తవి అడ్మిన్ తెర నుంచే చేర్చవచ్చు. ప్రతి స్థితికీ రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి: ఇందులో ఉన్నది ప్రచురితమా? సందర్శకులకు చూపాల్సిన ప్రధాన ప్రతి ఇదేనా? రెండో ప్రశ్న వల్లనే పాత ప్రతి సైట్‌లో నడుస్తుండగా దాని సవరణ వేరుగా సమీక్షలో ఉండగలుగుతుంది. వర్డ్‌ప్రెస్ మూల సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం లేదు. దానికి మరో ప్లగిన్ కావాలి.

ద్రూపల్ అనుమతులను ప్రతి మార్పుకూ విడిగా ఇస్తుంది. డ్రాఫ్ట్‌ను పబ్లిష్ చేసే హక్కు ఒకరికీ, ఆర్కైవ్ చేసే హక్కు మరొకరికీ ఇవ్వవచ్చు. స్థితి ప్రతి సవరణతో పాటు నమోదవుతుంది కాబట్టి రచన ఏ దశలు దాటి వచ్చిందో తర్వాత చూసుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో పాత సవరణలన్నీ 'ఇన్‌హెరిట్' స్టేటస్‌తోనే నిలవడం వల్ల ఆ చరిత్ర వాటిలో మిగలదు. వేరే లాగ్ పెట్టుకోవాలి.

పైథాన్ భాషలో రాసిన ప్లోన్ ఈ ఆలోచనను చాలా ముందే లోతుగా అమలు చేసింది. 2003లో 1.0 వెర్షన్ విడుదలైన ఈ సిస్టమ్‌లో ఏ స్థితిలో ఏ పాత్రధారి చూడగలడు, మార్చగలడు అన్నది వర్క్‌ఫ్లో నిర్వచనంలోనే రాసి ఉంటుంది. ప్రైవేట్ నుంచి పెండింగ్‌కు, అక్కడి నుంచి పబ్లిష్డ్‌కు వెళ్లేటప్పుడు ఆ వస్తువు మీది అనుమతులే మారిపోతాయి. దీనికో మూల్యం ఉంది. నిర్వచనం మార్చాక పాత వస్తువులన్నింటి భద్రతా వివరాలనూ మళ్లీ నవీకరించాలి. పెద్ద సైట్లలో అది చాలాసేపు పట్టే పని.

జూమ్లాలో ప్రచురితం, అప్రచురితం, ఆర్కైవ్, చెత్తబుట్ట అనే నాలుగు స్థితులకు వరుసగా 1, 0, 2, మైనస్ 2 అంకెలు వాడతారు. 2021 ఆగస్టులో వచ్చిన 4.0 వెర్షన్ వీటిని ముట్టుకోకుండా, పైన దశలూ మార్పులూ ఉన్న వర్క్‌ఫ్లోను అమర్చింది. కథనం ఏ దశలో ఉందన్నది ఒకటి, ప్రచురితమా కాదా అన్నది మరొకటి. ఒక మార్పు రెండింటినీ కలిపి మార్చగలదు. సైట్ నిర్వాహకులు కావాలనుకుంటేనే దీన్ని ఆన్ చేసుకుంటారు. వాగ్‌టైల్ మరో దారి పట్టింది. 2020లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి అక్కడ వర్క్‌ఫ్లో అంటే స్థితుల వరుస కాదు, పూర్తి చేయాల్సిన పనుల వరుస. ఒక్కో పనినీ ఒక్కో బృందం ఆమోదించాలి. చివరిది ఆమోదం పొందగానే పేజీ ప్రచురితమవుతుంది.

రూపకల్పనలో పాటించే నియమాలు

కొత్త స్టేటస్ చేర్చే ముందు అది నిజంగా దశేనా, లేక రచన గురించిన మరో వివరమా అని తేల్చుకోవాలి. డ్రాఫ్ట్, సమీక్ష, సిద్ధం అనే మూడు దశలున్న సైట్‌లో న్యాయ సలహాదారు చూశారా లేదా, అనువాదం అయిందా లేదా అన్న విషయాలను కూడా స్టేటస్‌లలోనే చెప్పాలనుకుంటే మూడు దశలు 12 అవుతాయి. ఇంకో అవును–కాదు ప్రశ్న చేరితే 24. ఇలాంటి వివరాలకు విడి గడులో ట్యాగులో వాడటం మేలు. వర్డ్‌ప్రెస్ 1.5లో పేజీని స్టేటస్‌గా చేసిన నిర్ణయాన్ని రెండేళ్లకే వెనక్కి తీసుకోవలసి రావడానికి మూలం ఇదే.

మంచి దశకు ఒక బాధ్యుడు ఉంటాడు. ఒక రచన ఆ స్టేటస్‌లో ఉందంటే తర్వాతి అడుగు ఎవరు వేయాలో చెప్పగలిగితేనే ఆ స్టేటస్ ఉపయోగపడుతుంది. 'ఆగి ఉంది' అన్న పేరు ఎందుకు ఆగిందో, ఎవరి కోసం ఆగిందో చెప్పదు. 'ఫొటో కోసం ఆగింది' అంటే ఫొటో డెస్కుకు పని తెలుస్తుంది. వెనక్కి వెళ్లే దారులు కూడా ముందే వేసుకోవాలి. సబ్ ఎడిటర్ తిప్పి పంపిన వార్త మామూలు డ్రాఫ్ట్‌లో కలిసిపోతే, కొత్తగా రాస్తున్నవాటి మధ్య అది ఎవరి కంటా పడదు.

ప్రచురణ తర్వాతి దశలూ ఉంటాయి. నోటిఫికేషన్లు, టెండర్లు, పరీక్షల తేదీలు ప్రచురించే సైట్లలో గడువు తీరిన సమాచారం పాఠకుణ్ని తప్పుదారి పట్టిస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వేస్తే పాత లంకెలు పనిచేయవు. అందుకే చాలామంది మొదట చేర్చుకునే కస్టమ్ స్టేటస్ 'ఆర్కైవ్'. పేజీ చిరునామా బతికే ఉండాలా, ఉంటే పాఠకుడికి ఏం చూపాలి అన్న నిర్ణయం దీనితో కలిపే జరగాలి.

తెలుగు సైట్లలో

తెలుగు వార్తా సైట్లు స్టేటస్ పేర్లను తెలుగులో పెట్టుకోవాలంటే సంకేతనామం, కనిపించే పేరు వేరువేరని గుర్తుంచుకోవాలి. వర్డ్‌ప్రెస్ నమోదు ఫంక్షన్ సంకేతనామంలో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతలు తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. తెలుగు పేరు ఇస్తే ఖాళీయే మిగులుతుంది. పేరు నుంచి సంకేతనామాన్ని తయారుచేసే ప్లగిన్లలో మరో సమస్య. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు వర్ణానికి మూడు బైట్లు పడతాయి. వెబ్ చిరునామాలకు అనువుగా మార్చినప్పుడు ఒక్కో బైటు మూడు గుర్తులవుతుంది. ఆ లెక్కన గుణింతపు గుర్తులతో కలిపి ఏడు వర్ణాలున్న 'పరిశీలన' 63 గుర్తులకు పెరుగుతుంది. 20 గుర్తుల గడిలో రెండు తెలుగు వర్ణాలకు మించి పట్టవు. కాబట్టి సంకేతనామం పొట్టి ఇంగ్లిషు పదంగా ఉంచి, తెర మీది పేరును తెలుగులో ఇవ్వాలి. అడ్మిన్ జాబితాలో లెక్కతో పాటు కనిపించే పేరుకు ఏకవచన, బహువచన రూపాలు రెండూ ఇస్తే ఒక చిత్తుప్రతి, ఐదు చిత్తుప్రతులు అన్న తేడా సరిగ్గా వస్తుంది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాది మరో నమూనా. అక్కడ వ్యాసం సేవ్ చేయగానే అందరికీ కనబడుతుంది; ప్రచురణకు ముందు దశ అంటూ ఉండదు. వ్యాసం ఎంత ఎదిగిందన్నది మూసలు, వర్గాల ద్వారా చెబుతారు. చిన్న వ్యాసాలకు పెట్టే 'మొలక' మూస అలాంటిదే. అది ఎవరి అనుమతినీ మార్చదు, ఏ దారినీ మూయదు. ఈ వ్యాసాన్ని పెంచాలన్న పిలుపు మాత్రం ఇస్తుంది. జర్మన్ వికీపీడియా 2008 నుంచి అనుభవజ్ఞులు చూసి ఆమోదించిన సవరణలనే సాధారణ పాఠకులకు చూపే ఏర్పాటు పెట్టుకుంది. ఒకే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీద రెండు సముదాయాలు రెండు రకాల స్టేటస్‌లను ఎంచుకున్న ఉదాహరణ ఇది.

తొలగింపు, వలస

స్టేటస్‌ను తీసేయడం చేర్చడం కన్నా జాగ్రత్త కోరే పని. వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ ఆపేస్తే దాని స్టేటస్‌ల నమోదు పోతుంది గానీ, రచనల గడిలో పాత సంకేతనామం అలాగే ఉంటుంది. సిస్టమ్‌కు ఆ పేరు తెలియదు కాబట్టి అవి అడ్మిన్ జాబితాల్లో కనిపించవు. డేటా పోకపోయినా పోయినట్లే అనిపిస్తుంది. ప్లగిన్ ఆపే ముందు ఆ స్టేటస్‌లోని రచనలన్నింటినీ డ్రాఫ్ట్‌కో మరో అంతర్నిర్మిత స్టేటస్‌కో మార్చాలి. ఎడిట్ ఫ్లో తన తెర నుంచి ఒక స్టేటస్‌ను తొలగించినప్పుడు అందులోని రచనలను ముందుగా నిర్ణయించిన స్టేటస్‌కు తానే చేరుస్తుంది. ప్లగిన్‌నే తీసేసినప్పుడు ఆ పని నిర్వాహకులు చేసుకోవాలి.

ఒక సీఎంఎస్ నుంచి మరోదానికి మారేటప్పుడు ఇదే పని పెద్ద స్థాయిలో ఎదురవుతుంది. పాత సిస్టమ్‌లోని ప్రతి స్టేటస్‌కూ కొత్తదానిలో సాటి ఏదో చెప్పే పట్టిక రాసుకోవాలి. పేర్లు కలిసినంత మాత్రాన అర్థాలు కలవవు: ద్రూపల్ ఆర్కైవ్డ్ స్థితి ముందస్తు అమరికలో అప్రచురితం, వర్డ్‌ప్రెస్ సైట్‌లో ఒక సంస్థ చేర్చుకున్న ఆర్కైవ్ పాఠకులకు కనబడేది కావచ్చు. పట్టికలోని ప్రతి వరుసనూ కనబడటం, మార్చే హక్కు, తర్వాతి దారి అన్న మూడు ప్రశ్నలతో సరిచూడాలి. లేకపోతే దాచి ఉంచినవి రాత్రికి రాత్రి బయటపడతాయి, లేదా ప్రచురితమైనవి మాయమవుతాయి.